నేను ఆపిన టీసీ

1995 జూన్. పటాన్‌చెరు దగ్గర ఒక ప్రభుత్వ హైస్కూల్లో నేను జూనియర్ అసిస్టెంట్‌ని. టీసీలు రాయడం నా పనే. టీసీ అంటే బడి మారేటప్పుడు ఇచ్చే కాగితం. కానీ ఫ్యాక్టరీల మధ్య దానికి ఇంకో వాడకం ఉండేది. అందులోని పుట్టిన తేదీని దిద్ది, పిల్లల్ని ప్యాకింగ్ పనిలో పెట్టేవాళ్లు. అందుకే టీసీ అడిగిన ప్రతి మనిషీ నాకు దొంగలాగే కనిపించేవాడు.

ఆ సోమవారం బొల్లారం మందుల కంపెనీ బస్సు దిగి ఒకావిడ వచ్చింది. పేరు యాదమ్మ. ఒంటి మీద కంపెనీ కోటు, గోళ్లకు పచ్చటి మందు మరక. అనాథ పిల్లల హోమ్ నుంచి మా బడికొచ్చే పుష్ప టీసీ కావాలంది. పుష్ప అప్పుడే ఎనిమిదో తరగతిలోకి వచ్చింది.

"పిల్లకు నువ్వేమైతవ్?"

"ఏం కాను సార్. నేను సుత గదే హోమ్‌ల పెరిగిన. ఏడో క్లాసు కాంగనే పనికి పోయిన. ఈ పిల్లకు గురుకులంల సీటొచ్చింది. శుక్రారం ఆఖరు."

ఏమీ కాని మనిషి డ్యూటీ ఎగ్గొట్టి ఎందుకు తిరుగుతుంది? హోమ్ సూపరింటెండెంట్ ఇచ్చారని ఒక ఉత్తరం నా టేబుల్ మీద పెట్టింది. సంతకం ఉంది, స్టాంపు లేదు.

"స్టాంపేది?"

"బీరువల ఉన్నదట సార్. తాళంచెవి పట్టుకొని క్లర్కు ఊరికి పోయిండు. జెర ఇయ్యుండ్రి."

"కనుక్కొని చెప్త. పో."

బుధవారం వచ్చింది, శుక్రవారం వచ్చింది. రెండుసార్లూ అదే జవాబు చెప్పాను. నిజానికి ఉత్తరం నా సొరుగులోనే ఉంది. నేను ఎవరినీ కనుక్కోలేదు. ఒక పిల్లను కాపాడుతున్నానని లోలోపల గర్వం కూడా.

మరుసటి వారం సూపరింటెండెంటే మా హెడ్మాస్టర్ దగ్గరికి వచ్చారు. సంతకం ఆయనదే. సీటూ నిజమే. అది వేరే పిల్లకు ఇచ్చేశారట.

పుష్పను పిలిపించి, "ఆమె ఎవరో తెల్వక ఆపిన బిడ్డా" అన్నాను.

"గురుకులం పరీక్షకు నన్ను యాదమ్మక్కనే తోల్కపోయింది సార్. హాల్ టికెట్ నా పుస్తకంలనే ఉండె. అన్ని దినాలు గీ పక్క క్లాసులనే ఉన్న. నన్ను ఒక్క మాట అడగకపోతిరి."

అమ్మానాన్నలున్న పిల్లయితే వాళ్లు నా టేబుల్ ముందు కొట్లాడి తీసుకుపోయేవారు. హోమ్ పిల్ల కోసం వచ్చిన ఒక్క మనిషినీ నేనే తిప్పి పంపాను. ఆ సిగ్గు ఇప్పటికీ పోలేదు. రిటైరయ్యేదాకా అనుమానించడం మానలేదు కానీ, ఏ కాగితం వచ్చినా ముందు పిల్లను పిలిచి అడిగాను.

పుష్ప ఆ ఏడాది పరీక్షలు రాయకుండానే చదువు మానేసింది. ఆమె టీసీ కోసం మళ్లీ ఎవరూ రాలేదు.