ఎడమ చివర కంట్రోల్ కీ

మా ముత్తాత రాఘవరంగారావు నర్సంపేట వైపు ఏడు ఊళ్లకు దేశ్‌ముఖ్. మా తాత కచేరీలో కూర్చుంటే తహసీల్దారు కూడా కబురు పంపి గాని వచ్చేవాడు కాదు. నేను 1988లో వరంగల్ మట్టెవాడలో, బట్టల దుకాణం మీది అంతస్తులో, ఒక సేటు పెట్టిన కంప్యూటర్ సెంటర్లో జీతానికి పనిచేసేవాణ్ని.

సేటు రెండు మిషన్లు కొన్నాడు. వాటిలో ఆపరేటింగ్ సిస్టమ్, అంటే మిషన్‌ను నడిపించే మూల ప్రోగ్రాం, చవకలో దొరికిన రకం. దాని సోర్స్ కోడ్, అంటే ఆ ప్రోగ్రాం రాసిన లైన్లన్నీ, ఒక పుస్తకంలో అచ్చువేసి ఇచ్చారు. చదువుకోవచ్చు, మన అవసరానికి మార్చుకోవచ్చు. మా సెంటర్లో ఆ పుస్తకం అర్థమయ్యేది నాకొక్కడికే. ఆ సంగతి ఎవరూ మరిచిపోకుండా చూసుకునేవాణ్ని.

ఆపరేటర్ ఉద్యోగానికి మల్లేశం వచ్చాడు. నర్సంపేట దగ్గరి రైతు కుటుంబం. పత్తి నుంచి గింజ తీసే జిన్నింగ్ మిల్లులో ఎడమ చెయ్యి మోచేతి దాకా పోయింది. ఆ తర్వాత ఒక్క చేత్తో టైపు నేర్చుకుని లోయర్ గ్రేడు పరీక్ష పాసయ్యాడు. షిఫ్ట్ కీ రెండు పక్కలా ఉంటుంది కాబట్టి ఎలాగో నెగ్గుకొచ్చేవాడు. కంట్రోల్ కీ మాత్రం ఎడమ చివర ఒక్కటే. దాన్ని నొక్కి పట్టుకునే ఇంకో కీ కొట్టాలి. ఉత్తరాలు కొట్టే మా ఎడిటర్ ప్రోగ్రాంలో ప్రతి ఆజ్ఞా అలాగే ఇవ్వాలి. కుడి చివర ఉన్న అక్షరం దాకా ఒక్క చెయ్యి సాగదు.

సేటు నన్ను పక్కకు పిలిచాడు. “రావుగారూ, జర ఏదన్న ఉపాయం చూడుండ్రి. మూడు వారాలకు టెస్టు పెడ్త. అందరి లెక్క చేస్తె తీస్కుంట. దయ తల్చుడు నాతోని కాదు.”

మా వైపు వాళ్లు నన్ను దొర అనేవారు. మల్లేశం సార్ అన్నాడు. అది నేను గమనించాను.

మూడో రోజునే అతను నా బల్ల దగ్గరికి వచ్చాడు. “సార్, క్యాప్స్ లాక్ ఒక్కపారి కొడితె మళ్ల కొట్టేదాంక నిలవడ్తది గద. కంట్రోల్‌ను గూడ గట్ల నిలవెట్టరాదా?”

“కోడ్ చదవొస్తదా నీకు?”

“రాదు సార్.”

“అయితే చదివేటోణ్ని చదవనియ్యి.”

అతను చెప్పింది అక్కరకొస్తుందో లేదో ఆలోచించను కూడా లేదు. కీబోర్డు మీద పది ఫంక్షన్ కీలు ఉంటాయి, ఏ పని అప్పగిస్తే ఆ పని చేసే ప్రత్యేకమైన మీటలు. ఒక్కోదానికి ఒక్కో కంట్రోల్ ఆజ్ఞ అప్పగించాలని నిర్ణయించాను. మూడు వారాలు దాని మీదే కూర్చున్నాను. ఏ పది ఆజ్ఞలు కావాలో అతన్ని అడగలేదు, నేను వాడేవే పెట్టాను. చూపించినప్పుడు మల్లేశం నవ్వాడు. “పదా సార్? నా చేతికున్న వేళ్లకు డబలు.”

టెస్టు రోజు సేటు పత్తి ధరల ఉత్తరం ఒకటి చెప్పాడు. మల్లేశం తప్పు లేకుండా కొట్టాడు. అప్పుడు సేటు చివరి పేరాను మొదటికి తెమ్మన్నాడు. ఆ ఆజ్ఞ నా పదిలో లేదు. మల్లేశం మిగిలిన ఎడమ మోచేతిని కంట్రోల్ మీద ఆనించి కుడిచేత్తో రెండో కీ అందుకోబోయాడు. కీబోర్డు జారింది. మళ్లీ సర్దుకుని ప్రయత్నించాడు. మూడోసారి సేటు కిటికీ వైపు తిరిగి, ఇక చాలన్నాడు.

మెట్ల దగ్గర మల్లేశం నాతో ఒక్కటే మాట అన్నాడు. “మీరు మస్తు కష్టపడ్డరు సార్.”

వారం తర్వాత, ఎవరూ అడగకుండానే, కీబోర్డు కోడ్ తెరిచాను. కీ నొక్కినప్పుడు ఒక అంకె, వదిలినప్పుడు మరో అంకె మిషన్‌కు అందుతాయి. క్యాప్స్ లాక్ విషయంలో వదిలిన అంకెను ఆ కోడ్ పట్టించుకోదు. కంట్రోల్‌కూ అదే నియమం పెట్టి, తర్వాతి కీ కొట్టగానే విడిపోయేలా రాశాను. మొత్తం ఆరు లైన్లు. ఒక పూటలో అయిపోయింది.

అప్పటికే ఉద్యోగం ఇంకొకరికి వెళ్లింది. ఇది ముందే ఎందుకు చెయ్యలేదని సేటు అడిగితే, అప్పుడు తట్టలేదన్నాను. ఎవరికి తట్టిందో చెప్పలేదు.

తర్వాత ఎన్నో మిషన్లు బాగుచేశాను. ఏ మీట అందడం లేదో దాన్ని వాడే మనిషినే ముందు అడగాలని ఆ ఆరు లైన్లు నేర్పాయి. మల్లేశానికి ఆ మాట చెప్పడానికి వాళ్ల ఊరికి వెళ్లేసరికి ఏడాది దాటింది. చెప్పాను. విన్నాడు, చాయ్ తాగి పొమ్మన్నాడు. ఉద్యోగం రాక, ఒంటిచేత్తో సేద్యం సాగక, వాళ్లకున్న ఎకరం ఇరవై గుంటల చెల్కను, ఆ ఒకటిన్నర ఎకరం మెట్ట పొలాన్ని, ఆ వానాకాలానికి ముందే అమ్మేశారు.