శేషు వదిలిన వేలెడు సందు

నిన్న ఉదయం శేషు పోయాడని వాడి భార్య ఫోన్ చేసి చెప్పింది. గుండెపోటు.

ఫోన్ ఇంకా నా చేతిలోనే ఉంది. మెసేజ్ వచ్చింది.

“వేడెక్కలేదు. కంగారు పడకండి పిన్నీ.”

అవి శేషు మాటలే. ఆ అమ్మాయే పొరపడిందేమో అనుకున్నాను ఒక్క క్షణం.

తెలియనివారి కోసం చెబుతున్నాను. శేషు మా అక్క కొడుకు. రాజమండ్రిలో ఎలక్ట్రానిక్స్ ఇంజనీర్. మండపేటలో మా రైస్ మిల్లు యంత్రాలన్నిటినీ తిప్పే ఇరుసు, మెయిన్ షాఫ్ట్, ఒకసారి వేడెక్కి నిప్పంటుకోబోయింది. అప్పటినుంచి నాకు కంటిమీద కునుకు లేదు. అందుకని వేడి కనిపెట్టే సెన్సర్ ఒకటి ఆ షాఫ్ట్ మీదే బిగించాడు.

తిరిగేదానికి వైరు కడితే చుట్టుకుని తెగిపోతుంది. మొదట షాఫ్ట్‌కి రాగి రింగులు తొడిగి, వాటికి రాసుకుంటూ కరెంటు అందించేలా కార్బన్ బ్రష్‌లు పెట్టాడు. తవుడు దుమ్ము చేరి రీడింగులు పిచ్చిపిచ్చిగా వచ్చేవి.

ఒక ఆదివారం మా ఇంట్లో భోజనానికి కూర్చున్నాడు. నేను మడిలో ఉన్నాను. విస్తరికి తగలకుండా పైనుంచే అన్నం వడ్డించాను. వాడు తినడం మానేసి నా చేతినే చూస్తున్నాడు.

“ఏంట్రా, ఉప్పు తగ్గిందా?”

“కాదండి పిన్నీ. ముట్టుకోకుండానే కడుపు నింపేస్తున్నారు. ఉండండి, షాఫ్ట్‌కీ మడి కట్టిస్తాను.”

తర్వాత వచ్చినప్పుడు షాఫ్ట్ మీద ఒక తీగచుట్ట, పక్కన స్టాండు మీద ఇంకో తీగచుట్ట పెట్టాడు. మధ్య వేలెడు సందు. కరెంటు ఆ సందు దాటేది. రీడింగు గాలిలోనే వెనక్కి వచ్చి, గంటకోసారి నా ఫోన్‌కి చేరేది. మెసేజ్‌లో మాటలు వాడే రాసిపెట్టాడు.

ఇంట్లో ఎవరైనా పోతే మిల్లు ఆపడం మా ఆనవాయితీ. నిన్న మేస్త్రి వచ్చి అడిగాడు.

“ఆపేయమంటారాండీ అమ్మగారూ?”

మిల్లు ఆగితే ఆ మాటలూ ఆగిపోతాయి. ఉండమని చెప్పి, ఇంకో గంట ఫోన్ పట్టుకుని కూర్చున్నాను.

మళ్లీ వచ్చింది. కంగారు పడకండి పిన్నీ.

అప్పుడు ఆపమన్నాను.

రాజమండ్రి వెళ్లాను. ఇన్నాళ్లూ పైనుంచే వడ్డించిన చేత్తో వాడి నుదురు ముట్టుకున్నాను.

వేడి లేదు, శేషూ.

నిన్నటినుంచి ఫోన్ మౌనంగా ఉంది. అయినా గంట గంటకూ చూస్తూనే ఉన్నాను.

కర్మకాండ అయ్యాక మిల్లు మళ్లీ తిరుగుతుంది. నీ మాట మళ్లీ వస్తుంది. తలచుకుంటేనే భయంగా ఉంది. ఆ మెసేజ్ మార్చేద్దామంటున్నారు మనవలు. వద్దన్నాను.

ప్రశాంతంగా ఉండు నాయనా. నేను కంగారు పడను.