సంచి నిలబడిన వరుస

మా అక్క గట్టిగా మాట్లాడేది. కోపం వల్ల కాదు. షోలాపూర్ దాజీ పేట్‌లో ఆమె ఇంటికి రెండు పక్కలా సాంచాలు నడుస్తాయి. మరమగ్గాన్ని మా వాళ్ళు సాంచా అంటారు. ఆ చప్పుడు పొద్దున మొదలైతే పొద్దుపోయేదాకా గోడల్లో ఉంటుంది, మంచం పట్టెల్లో ఉంటుంది, చెంబులో నీళ్ళ మీద సన్నగా వణుకుతూ ఉంటుంది. దాన్ని దాటి మాట వినపడాలంటే అరవాలి, లేదా చేతులతో చెప్పాలి. పెళ్ళయి వచ్చిన నాటి నుంచి అక్క ఆ చప్పుడు పక్కనే కూర్చుని కండెలు చుట్టింది. మగ్గంలో అటూ ఇటూ పరుగెత్తే నాడెకు దారం అందించేవి ఆ కండెలే. ముందు ఆమె తలనిండా దూది ఉండేది. తర్వాత ఊపిరితిత్తుల్లోనూ చేరిందని డాక్టరు చెప్పాడు.

బావ కుంఠా నాకాలో ఒక కార్ఖానాలో చద్దర్లు నేసేవాడు. ఒకసారి తోటి పనివాళ్ళతో కలిసి బస్సులో ఒక పార్కుకు వెళ్ళొచ్చాడు. టికెట్టు కొని లోపలికి పోతే రోజంతా ఆటలు ఆడుకోవచ్చు, అలాంటి పార్కు. వచ్చాక నీళ్ళ జారుళ్ళ గురించి చెప్పలేదు, భయపెట్టే రైలు గురించి చెప్పలేదు.

"పాళ్ణా ఎక్కిన. పైకి పోయి ఆగింది. ఏం సప్పుడు లేదే. నా చెవులు పోయినయేమో అనుకున్న" అన్నాడు. జెయింట్ వీల్‌ను షోలాపూర్‌లో మేమూ మరాఠీ వాళ్ళలాగే పాళ్ణా అంటాం. "నిన్ను గూడ తోల్కపోత" అని కూడా అన్నాడు. ఆ మాట తీర్చకుండానే పోయాడు.

అప్పటి నుంచి అక్కకు ఒకటే కోరిక. ఆ పాళ్ణా ఎక్కాలి, బావ విన్నది తనూ వినాలి. ఆమె భక్తురాలు. కాశీకి తీసుకుపొమ్మని అడగవలసిన వయసు. నేను దేవుడు లేడని చౌరస్తాల్లో మాట్లాడేవాణ్ణి కాబట్టి నన్ను కాశీ అడగలేదు, పాళ్ణా అడిగింది. నాకు సంతోషమే వేసింది.

మా గల్లీ వాళ్ళంతా కలిసి ట్రావెల్స్ బస్సు మాట్లాడుకున్న ఏడాది అక్కను తీసుకెళ్ళాను. ఆమె కూతురు, అంటే నా మేనకోడలు కూడా వచ్చింది. పార్కులో దిగగానే అక్క అన్నిటికంటే ఎత్తుగా ఉన్నదాని వైపు చూపించి నడవడం మొదలుపెట్టింది. మేనకోడలు తన పిల్లలను తీసుకుని నీళ్ళ వైపు పోయింది. నేనూ అక్కా పాళ్ణా వరుసలో నిలబడ్డాం. వరుస తాళ్ళ మధ్య మెలికలు తిరిగి ఉంది. నేతకు పడుగు పరిచినట్టుందని అక్క నవ్వింది.

వరుస కదలలేదు. పక్కన ఇంకో చిన్న గేటు ఉంది. చేతికి ఎర్రపట్టీ ఉన్నవాళ్ళు అందులోంచి నేరుగా లోపలికి పోతున్నారు. వాళ్ళు వచ్చినప్పుడల్లా మమ్మల్ని ఆపుతున్నారు.

"గా పట్టీ ఏందిరా తమ్మీ?"

"ఎక్కువ పైసలు కట్టినోళ్ళు అక్కా. వాళ్ళకు లైను లేదు."

"లైను లేకుండ?" ఆమె గొంతుకు చుట్టూ ఉన్నవాళ్ళు తిరిగి చూశారు. "మా నల్లా కాడ గిట్ల జేస్తే బిందెలు పగుల్తయి."

మా వెనక ఒక మరాఠీ కుటుంబం ఉంది. ఆ మాట తెలుగైనా నల్లా, బిందె అర్థమైనట్టున్నాయి. ఆ ఇంటి పెద్దావిడ నవ్వి, "హో మావశీ, ఖరంచ్" అంది, అవును పిన్నీ, నిజమే అని.

పట్టీలవాళ్ళ మీద నాకు కోపం లేదు. వాళ్ళు దొంగలు కారు, కొనుక్కున్నారు. ఒకతను నిద్రపోతున్న బిడ్డను భుజాన వేసుకుని మమ్మల్ని దాటుతూ తల వంచుకున్నాడు. నేను అడిగేది వేరే. అతను కొన్నది ఏమిటి? సమయం. ఆ సమయం ఎవరిది? మాది. ఎండలో నిలబడ్డ ప్రతి మనిషి దగ్గర్నుంచీ కొంచెం కొంచెం కోసి అతనికి అమ్మారు. అమ్మేముందు మమ్మల్ని ఎవరూ అడగలేదు, అమ్మాక మాకేమీ ఇవ్వలేదు. వేదిక మీదైతే ఈ మాటకు చప్పట్లు పడేవి. అక్కడ నా పక్కన అక్క ఊపిరి పీలుస్తుంటే ఈల వేసినట్టు వినిపించింది.

ఆమెకు ఎక్కువసేపు నిలబడడం కుదరదు. నీళ్ళు తాగించి నీడలో కూర్చోబెట్టాలి. అప్పుడు ఆమె ఏ ఆలోచనా లేకుండా చేసిన పని ఒకటుంది. చద్దరు ముక్కతో కుట్టిన తన చేతిసంచిని, తిండి డబ్బా ఉన్నదాన్ని, మేం నిలబడ్డ చోట నేల మీద పెట్టింది. వెనకావిడ వైపు చూసింది. ఆవిడ "ఠేవా మావశీ, ఠేవా" అంది, పెట్టండి అని. ఇద్దరం వెళ్ళిపోయాం.

షోలాపూర్ తెలియనివారికి ఇది చెప్పాలి. మా పేటల్లో నల్లా, అంటే వీధి కుళాయి, రోజూ రాదు. వచ్చే రోజుకు ముందటి సాయంత్రమే గల్లీలో బిందెలు వరుసగా కూర్చుంటాయి. మనుషులు ఉండరు. మనుషులు సాంచా మీద ఉంటారు, కండెల దగ్గర ఉంటారు, బీడీల దగ్గర ఉంటారు. బిందె ఉంటే మనిషి ఉన్నట్టే. నీళ్ళు పట్టేవాళ్ళు ఒక్కొక్కరూ ముందుకు జరుగుతూ, యజమాని లేని బిందెలను కూడా కాలితో జరుపుతారు. కులం మీద, కిరాయి మీద, గోడల మీద కొట్టుకునేవాళ్ళు కూడా ఎదుటివాళ్ళ బిందెను వెనక్కి నెట్టరు. శాస్త్రం రాసి పెట్టిన నీతి కాదు అది. అందరికీ నీళ్ళు కావాలి కాబట్టి పుట్టింది. దేవుడు లేకుండా నీతి ఎలా ఉంటుందని నన్ను అడిగినవాళ్ళకు నేను ఆ బిందెలనే చూపించేవాణ్ణి. అందుకే ఆ రోజు సంచిని అక్కడ వదిలినప్పుడు నాకూ ఏ అనుమానం రాలేదు.

తిరిగి వచ్చేసరికి తాళ్ళు మార్చేశారు. మరాఠీ కుటుంబం లోపలికి వెళ్ళిపోయింది. సంచి లేదు. కాపలా కుర్రాడు దాన్ని ఆఫీసు గది దగ్గర పెట్టించాడట, ఎవరిదో తెలియని సంచి కాబట్టి. ఎగతాళి లేకుండానే అడిగాడు, "మౌసీ, లైన్ మే బ్యాగ్ కౌన్ రఖ్తా హై?"

"హమారే ఉధర్ సబ్ రఖ్తే" అంది అక్క. మా దగ్గర అందరూ పెడతారు. అతనికి అది అర్థం కాలేదు. అర్థం కావడానికి అతని ఊళ్ళో అలాంటి నల్లా ఉండాలి.

మళ్ళీ చివరికి పోవాలి. ఆ చివర ఇప్పుడు ఐస్‌క్రీం దుకాణం దాకా ఉంది. బస్సు బయల్దేరే వేళ దగ్గరపడుతోంది. అక్క ముఖం చూసి ఆ కుర్రాడే దారి చెప్పాడు, పట్టీ తీసుకోండి, నేరుగా లోపలికి పంపుతానన్నాడు. నేను కౌంటరు వైపు తిరిగాను.

"ఏడికి?" అంది అక్క.

"పట్టీలు తెస్త. నువ్వు కూసో."

"నాకద్దు."

మా పేట గుడిలో డబ్బు కట్టినవాళ్ళకు వేరే దర్శనం వరుస పెట్టినప్పుడు చౌరస్తాలో నిలబడి ఎదిరించినవాణ్ణి నేను. విన్నవాళ్ళలో అక్క ఉంది. దేవుడి గురించి నా మాట ఒక్కటీ నమ్మలేదు గానీ, వరుస గురించి చెప్పినది నమ్మింది. ధర్మకర్త బావకు స్నేహితుడే అయినా ఆ తర్వాత ఆమె ఎప్పుడూ పక్క తలుపు నుంచి పోలేదు.

"అది గుడి అక్కా. దేవుని ముంగట అందరు ఒకటే అని వాళ్ళే అంటరు, అందుకే అడిగిన. ఇది ఆట. ఇక్కడ ఎవరూ అట్ల అనలేదు."

"మంచిగ జెప్పినవ్." ఊపిరి కోసం ఆగింది. "గుళ్ళె దేవుడే లేడంటివి. లేని దేవుని కాడ లైను తప్పద్దు గని, ఉన్న మనుషుల కాడ తప్పచ్చునా?"

జబ్బు మనిషికి ముందు దారి ఇవ్వడం వేరు, దారి కొనుక్కోవడం వేరు, నువ్వు జబ్బు మనిషివి అని చెప్పవచ్చు. ఆమెకు ఆ మాట ఇష్టం ఉండదని తెలుసు. కుర్రాణ్ణి అడిగాను, పెద్దావిడ, దమ్ము, ఆయాసం ఉంది, ఊరికే పంపుతావా అని. అతను పట్టీ లేకుండా తన చేతిలో లేదన్నాడు. నిజమే అయ్యుంటుంది.

చివరికి వెళ్ళి నిలబడ్డాం. ఈసారి సంచిని భుజం మీద నుంచి దించలేదు. పాళ్ణా తిరుగుతోంది. పైకి పోయిన తొట్టె ఒకటి కాసేపు ఆగింది. అక్క తల ఎత్తి ఆగినంతసేపూ చూసింది. అప్పుడు మెలికల అవతల మేనకోడలు కనిపించింది. ఆ రద్దీలో అరిచినా వినపడదని పిడికిలి ఎత్తి కిందికి లాగింది. మా కార్ఖానాల్లో దానికి సాంచా ఆపమని అర్థం. బస్సు వేళయిందన్నమాట. అక్క చేతితోనే సరేనంది. వరుసలోంచి బయటికి వచ్చింది.

బస్సులో అందరికీ వినపడేలా అంది, "వీని ఉపన్యాసం ఇని చెడిపోయిన." గల్లీ వాళ్ళంతా నవ్వారు. "వానలైనంక మల్ల తోల్కపో తమ్మీ. పొద్దుగాల్నే పోదాం."

సరేనన్నాను. వానలు అయ్యాయి. అప్పటికి ఆమె గడప దాటలేకపోయింది. ఆమె వాదం సరైనదే, ఈనాటికీ దాన్ని కాదనలేను. ఆ సరైన వాదం వల్లే ఆమెకు దక్కవలసింది దక్కలేదు. ఈ రెండింటినీ కలిపి ఓదార్పు తయారు చేయడం నాకు చేతకాదు. ఎవరైనా చేస్తే నాకు రోత.

నీళ్ళు వచ్చే రోజు తెల్లవారుతుండగా అక్క పోయింది. గల్లీలో సాంచాలు ఒకదాని తర్వాత ఒకటి ఆగాయి. మనిషి పోతే శవం లేచేదాకా ఆపడం మా వాళ్ళ పద్ధతి. ఆ ఇంట్లో గోడగడియారం చప్పుడు చేస్తుందని అప్పుడే తెలిసింది నాకు. ఎవరో ముసలాయన నా మేనకోడలితో "ఇప్పుడు సప్పుడు లేదు బిడ్డా, ఇంటాంది" అన్నాడు. వినదు. పోయినవాళ్ళు వినరు. ఇది నేను జీవితమంతా చెప్పిన మాట. ఆ రోజు చెప్పలేదు, అంతే. మేనకోడలు తల్లి పాదాల దగ్గర కూర్చుని ఉంది.

ముందటి సాయంత్రం తను నల్లా దగ్గర పెట్టి వచ్చిన బిందె సంగతి మేనకోడలు మరిచిపోయింది. నేనూ మరిచిపోయాను. గల్లీ ఆడవాళ్ళు దాన్ని జరుపుతూనే ఉన్నారు. అక్కను వదినె అని పిలిచే పక్కింటావిడ నిండిన బిందె చంకన పెట్టుకుని గడప ఎక్కింది. ఏళ్ళ అలవాటు కొద్దీ, సాంచాలు ఆగాయని మరిచి, ఇల్లంతా ఉలిక్కిపడేలా గట్టిగా అంది:

"వదినె వంతు అచ్చింది. నీళ్ళు ఏడ పొయ్యాలె?"