లారీకి ఒక వాటా

పీయూసీలో నేను కామర్సు తీసుకున్నది చదువు మీద ప్రేమతో కాదు. సైన్సులో చేరితే కప్పల్ని కొయ్యాలని ఎవరో చెప్పారు. చేపనైతే కళ్ళు మూసుకొని కోస్తాను, కప్ప మాత్రం నావల్ల కాదు. కామర్సులో కొయ్యడాలేమీ ఉండవు, అన్నీ కూడికలూ తీసివేతలే అని విని, ఇంకేం, మనకు కొట్టిన పిండే అనుకున్నాను. అరవైల మొదట్లో మాట. బోగోలుకు తూర్పున సముద్రం ఒడ్డు పల్లె మాది. అక్కడి నుంచి కావలి కాలేజీకి పోయిన మొదటి ఆడపిల్లను నేనే కాబట్టి, నాకు సలహా చెప్పేవాళ్ళు పల్లెలో లేరు. ఉన్నా నేను వినే రకాన్ని కాదు.

నాయన ఒక్కటే షరతు పెట్టాడు.

"పీయూసీ ఒక్క దెబ్బకి గట్టెక్కినావా, పైచదువు సంగతి చూద్దాం. తప్పినావా, మీ అమ్మ పక్కన కూసోని ఎండుచేపల మీద కాకుల్ని తోలుకో."

కాకుల్ని తోలడం నాకేం నామోషీ కాదు, చిన్నప్పటి నుంచీ తోలినదాన్నే. కానీ నాకు బీకాం చదవాలని ఉండేది. ఎందుకని అడిగితే చెప్పలేను. ఆకలెందుకు వేస్తుందని అడిగితే ఏం చెబుతాం? అలాంటి కోరికే అది. పైగా కోరిక కలిగాక ఊరుకునే గుణం నాకు పుట్టుకతోనే లేదు.

అసలు లెక్కలు నాకు కొత్తేమీ కావు. వేట నుంచి పడవ రాగానే మా ఒడ్డున చేపల్ని ఇసుకలో కుప్పలు పోసేవాళ్ళు. వేటకు పోయిన మనిషికొక కుప్ప, పడవకొక కుప్ప, వలకొక కుప్ప. పెద్ద చేపలు ఎవరి కుప్పలో పడ్డాయని తగాదా రాకుండా ఒక మనిషిని కుప్పలకు వీపు పెట్టి, సముద్రం వైపు చూస్తూ నిలబడమనేవాళ్ళు. వెనక ఒకరు కుప్ప మీద చెయ్యి పెట్టి "ఇదెవురిది?" అని అడిగితే, ఆ మనిషి వెనక్కి చూడకుండా ఎవరిది అంటే వాళ్ళదే. మా పడవకు అలా నిలబడే పని నాది. నా గొంతు పెద్దది, మొహమాటం తక్కువ. వెనక నుంచి అడిగేది పడవలో అందరికన్నా పెద్దవాడైన తాత. నాకు సొంత తాతేం కాదు, అయినా పల్లె మొత్తానికీ ఆయన తాతే.

కాలేజీలో మొదటి దెబ్బ నగదు పుస్తకం దగ్గర తగిలింది. వచ్చిన డబ్బు ఎడమవైపు రాయాలట, పోయిన డబ్బు కుడివైపు రాయాలట. నా చెయ్యి ఒప్పుకోలేదు. ఎన్నిసార్లు చెప్పినా వచ్చినదాన్ని కుడివైపే రాసేదాన్ని, ప్రతి లెక్కా తిరగబడేది. కామర్సు క్లాసులో ఆడపిల్లలం ఇద్దరమే. రెండో అమ్మాయి కావలి బజారులో గుడ్డల కొట్టున్న సాయిబుగారి కూతురు. ఆ అమ్మాయి ఎంత నిదానమో నేనంత దూకుడు, అందుకే మాకు కుదిరింది.

"ఏం మే, వచ్చింది ఎడంపక్క రాయమంటే నీకేం నొప్పి?" అంది ఒకరోజు నా పుస్తకం చూసి.

"లచ్చిందేవి ఇంట్లోకి వస్తా ఉంటే ఎడంచేత్తో అందుకుంటారా ఎవురన్నా?" అన్నాను.

"మా ఇంట్లోనూ అందుకోరు. డబ్బులిస్తే మా నాయన కుడిచేత్తోనే తీసుకుంటాడు. తీసుకోని ఎడంపక్కనే రాస్తాడు. చెయ్యి వేరే, కాయితం వేరే."

ఇంత చిన్న మాట మా మేష్టారికి ఎందుకు తట్టలేదో తెలియదు. ఆ రోజు నుంచి కాలేజీ వదలగానే, బస్సు వేళ దాకా, వాళ్ళ కొట్టు వెనక గదిలో కూర్చునేవాళ్ళం. చీరల బేళ్ళకు చుట్టి వచ్చిన మందపాటి కాగితాల మీద లెక్కలు చేసేవాళ్ళం. అన్ని ఖాతాల నిల్వలూ రెండు వైపులా వేసి కూడితే మొత్తాలు సమానంగా రావాలి, దాన్ని ట్రయల్ బ్యాలెన్సు అంటారు. నాది ఎన్నడూ సమానంగా వచ్చేది కాదు. మొదటిసారి వచ్చిన రోజు పెద్ద కేక పెట్టాను, వల నిండా చేపలతో పడవ కనిపిస్తే మా ఒడ్డున పెట్టే కేక. కొట్లో రవికె గుడ్డ బేరమాడుతున్న ఆవిడ గుడ్డ పారేసి వీధిలోకి పరుగెత్తింది. సాయిబుగారు లోపలికి తొంగిచూసి "ఏమైంది తల్లీ?" అన్నారు కంగారుగా.

"సరిపోయింది సాయిబుగారూ! రెండు పక్కలా సరిపోయింది!"

పాపం, బేరం పోయింది ఆయనకే. అయినా మా ఇద్దరికీ చెరో గోలీసోడా తెప్పించారు.

ఎకనామిక్సు మాత్రం నాకు మంచినీళ్ళ ప్రాయం. ఒకరోజు మేష్టారు, "బజారుకు వచ్చే సరుకు రెట్టింపైంది, ధర మూడో వంతుకు పడిపోయింది, మొత్తం రాబడి ఏమవుతుంది?" అని అడిగారు. కోవూరు వైపు నుంచి వచ్చిన వడ్ల రైతుల పిల్లలు పెన్సిళ్ళు కొరుకుతుంటే నేను లేచి, "తగ్గిపోతుంది సార్, మూడొందలు వచ్చేకాడ రెండొందలే వస్తుంది" అన్నాను. కాగితం మీద చెయ్యకుండా ఎలా చెప్పావని అడిగారాయన. నెత్తళ్ళ చేపలు విరగబడిన రోజున సాయంత్రం బజారు నుంచి తిరిగొచ్చే మా అమ్మ మొహం చూసి చెప్పానన్నాను.

ఆ గర్వం ఎక్కువ కాలం నిలవలేదు. అర్ధసంవత్సర పరీక్షలో భాగస్వామ్యం లెక్క ఇచ్చారు. ఏ, బీ అని ఇద్దరు మనుషులు. ఒకరు ఆరువేలు, ఒకరు నాలుగువేలు పెట్టి లారీ కొని సరుకులు తోలారు. రెండువేల నాలుగొందలు లాభం వచ్చింది, పంచమన్నారు. పెట్టుబడిని బట్టి పంచాలి. నేను ఆలోచించను కూడా లేదు. ఏకి ఎనిమిదొందలు, బీకి ఎనిమిదొందలు, లారీకి ఎనిమిదొందలు అని రాసి గీత గీసేశాను. లారీకి వల ఉండదు కనక ఆ వాటా వదిలేశాను, అదీ నా తెలివి.

మేష్టారు మార్కులిచ్చే రోజున నా జవాబు క్లాసులో చదివారు. "ఈ కంపెనీలో మూడో భాగస్థుడు లారీ" అన్నారు. క్లాసు క్లాసంతా బల్లలు చరిచి నవ్వింది, పక్కన కూర్చున్న నా స్నేహితురాలు కూడా ఓణీ నోటికి అడ్డం పెట్టుకుంది. నాకు ఒళ్ళు మండిపోయింది. లేచి నిలబడ్డాను.

"లారీ లేకుంటే వీళ్ళిద్దరూ మూటలు నెత్తిన పెట్టుకోని పోతారా సార్?"

నవ్వు రెట్టింపైంది. ఆయన మాత్రం నవ్వడం ఆపి, మీ ఒడ్డున పడవకు వాటా ఇస్తారా అని అడిగారు. ఇస్తామన్నాను. ఆ వాటా ఎవరు తీసుకుంటారంటే, పడవ మాది కాబట్టి మా నాయన అన్నాను. తీసుకొని ఏం చేస్తాడని అడిగారు.

"చెక్కలు పోతే మారుస్తాడు, తెరచాప కుట్టిస్తాడు. పడవ పాతబడిపోతే కొత్తది చేయించాలి గదా సార్."

ఆయన మొహం వెలిగిపోయింది. చాక్‌పీసు తీసుకొని బోర్డు మీద పెద్ద అక్షరాలతో డిప్రిసియేషన్ అని రాశారు. ఏ వస్తువైనా వాడేకొద్దీ అరుగుతుంది, ఆ అరుగుదలకు ఏటా కొంత తీసి పెట్టాలి అని చెప్పారు. "నువ్వు లారీకి ఇవ్వడం తప్పు కాదమ్మాయ్, ఇచ్చిన చోటు తప్పు. లాభం పంచేటప్పుడు కాదు ఇవ్వాల్సింది. పంచకముందే, లాభం ఎంతో తేల్చకముందే తీసెయ్యాలి."

"అయితే మార్కులిస్తారా సార్?"

"ఇవ్వను. కూర్చో."

నాకు వందకు ఇరవై ఎనిమిది వచ్చాయి, తప్పాను. పబ్లిక్ పరీక్షలోనూ ఇలాగే అయితే ఇక కాకులే నా గతి. అయినా ఆ సాయంత్రం బస్సులో నాకు ఏడుపు రాలేదు. అంతవరకూ అచ్చు పుస్తకంలో ఉన్నది వేరే దేశం సంగతి అనుకునేదాన్ని. అందులో మా పడవ ఉందని ఆ రోజే తెలిసింది. ఇంటికి పోవడం పోవడమే, వల బాగు చేసుకుంటున్న నాయనకు, పంచకముందే తీసెయ్యాలన్న మాట చెప్పేశాను. నాయన దారం కొరుకుతూ, అది మాకు తెలిసిందే గదా అన్నట్టు తల ఊపాడు.

"సరే, మన పడవకి లెక్క కడతా. ఎంతకి చేయించినావు?"

చెప్పాడు.

"పాతబడినాక అమ్మితే ఎంతొస్తాది?"

"అమ్మేదేంది? చెక్కలు మీ అమ్మ పొయ్యిలోకి వస్తాయి."

"ఇంకా ఎన్నేళ్ళు పనికొస్తాది?"

నాయన చేతిలో దారం ఆగిపోయింది. లోపల గంజి వారుస్తున్న అమ్మ గంజి అలాగే వదిలేసి బయటికొచ్చింది.

"కడలి మీదికి పొయ్యేదాన్ని ఎన్నేళ్ళుంటాదని నోటితో అనగూడదు అమ్మణ్ణీ," అన్నాడు నాయన మెల్లగా. "ఉన్నన్నాళ్ళూ ఉంటాది."

అమ్మ అంత మెల్లగా అనలేదు. నన్ను నోరు పుక్కిలించి రమ్మంది. ఉప్పూ ఎండుమిరపకాయలూ కొంగున కట్టుకొని ఒడ్డుకు పోయి పడవకు దిష్టి తీసొచ్చింది. ఇక పడవ లెక్క నాకు లేకపోయింది. వస్తువు ఎన్నేళ్ళుంటుందో తెలియకుండా అరుగుదల కట్టడం ఏ సూత్రానికీ సాధ్యం కాదు. మర్నాడు సాయిబుగారి కొట్లోని కుట్టుమిషను మీద ఆ లెక్క కట్టుకున్నాను. అది ఎన్నేళ్ళుంటుందని అడిగితే సాయిబుగారు ఏమీ అనుకోలేదు, పైపెచ్చు రేపో మాపో పోయేట్టుందని నవ్వారు.

ఆ చలికాలమంతా అదే పని. అప్పట్లో నాకు అన్నం తింటున్నా కంచంలో రెండు వైపులు కనిపించేవి. చెప్పుకోకూడదు గానీ, నా బతుకులో అంత ఉల్లాసంగా గడిచిన నెలలు తక్కువ. చిక్కుపడిన వలలో ఒక్క ముడి విప్పితే మిగతాదంతా దానంతటదే వదులైనట్టు, తెగని లెక్క తెగిపోతుంటే వచ్చే సంతోషం ఇంకే పనిలోనూ చూడలేదు.

పబ్లిక్ పరీక్షలో చివరి లెక్క వ్యాపారి ముగింపు లెక్కలు. సగం మార్కులు దానివే. లాభనష్టాల ఖాతా చకచకా వేశాను. యంత్రం ఐదువేలు, దాని అరుగుదల నూటికి పది చొప్పున ఐదువందలు, పంచకముందే తీసి పక్కన పెట్టాను. బ్యాలెన్సు షీటు వేసి కూడితే సరిపోలేదు. ఆస్తుల వైపు ఎక్కువ వచ్చింది. మళ్ళీ కూడి చూశాను, మళ్ళీ అంతే. గంట కొట్టడానికి ఇంకాసేపే ఉంది. కాకులు కళ్ళ ముందే తిరుగుతున్నాయి.

తేడా ఎంతా అని చూస్తే సరిగ్గా ఐదువందలు. అప్పుడు తెలిసింది నేను చేసిన పని. అరుగుదలను లాభంలోంచి తీశాను గానీ, యంత్రం విలువలోంచి తగ్గించలేదు. దాన్ని ఐదువేలుగానే ఉంచాను. మరిచిపోయి కాదు. దానికి వయసైపోతోందని రాయడానికి నా చెయ్యి రాలేదు! వాటా మాత్రం ఇచ్చేసి, ఆయుష్షు జోలికి పోకుండా తప్పుకున్నాను, అచ్చం మా నాయనలాగే. పరీక్ష హాల్లో నాకు నవ్వొచ్చింది. ఇది యంత్రం తల్లీ, పడవ కాదు, కడలి మీదికి పోదు అని నాకు నేనే చెప్పుకొని, ఐదువేలలో ఐదువందలు తీసి నాలుగువేల ఐదువందలు అని రాశాను. సరిపోయింది. ఈసారి కేక పెట్టకుండా పెదవి కొరుక్కున్నాను.

ఎండాకాలం చివర్లో పేపర్లో నంబర్లు పడ్డాయి, నా నంబరూ ఉంది. అమ్మ పల్లెంతా బెల్లం పంచింది. నాయన మాత్రం "చూద్దాం" అన్నాడు, అంతకు మించి ఒక్క మాట లేదు. బీకాం అంటే నెల్లూరు, నెల్లూరంటే హాస్టలు. ఆ ఖర్చు ఒక్క మనిషి వాటాలో తెమిలేది కాదని లెక్కలు చదివిన నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. అడగడానికి నోరు రాలేదు. నోరు రాకపోవడం నాకు అదే మొదటిసారి.

ఆ వారంలోనే ఒక పొద్దున పడవ నిండుగా వచ్చింది. తాత కుప్పలు పోసి నన్ను పిలిచాడు. ఎప్పటిలాగే సముద్రం వైపు తిరిగి నిలబడ్డాను. "ఇదెవురిది?" అంటే పడవది అన్నాను, వలది అన్నాను, నాయనది, తాతది, మామది, చిన్నాయనది, అలా పడవలో పోయిన వాళ్ళందరినీ చెప్పేశాను.

"ఇదెవురిది?" అన్నాడు తాత మళ్ళీ.

"కుప్పలు తప్పు పోసినావు తాతా. అందురికీ అయిపోయినాయి."

"తప్పేం పొయ్యలా. ఇంకోటి ఉండాది. ఎవురిదో చెప్పు."

ఉండబట్టలేక వెనక్కి తిరిగి చూశాను. నిజంగానే ఒక కుప్ప మిగిలి ఉంది, రెండు చందువ చేపలతో సహా. మిగతా కుప్పలన్నీ ఎప్పటికన్నా కాస్త చిన్నవిగా ఉన్నాయి. వాటి చుట్టూ నిలబడ్డ మనుషులు ఎటో చూస్తూ మీసాలు దువ్వుకుంటున్నారు.

"నువ్వే గద చెప్పినావు, పంచకముందే తియ్యాలని," అన్నాడు నాయన. "పంచకముందే తీసినాం. పడవకి ఇస్తా ఉండాం, వలకి ఇస్తా ఉండాం. చదువుకి ఇస్తే ఏం?"

నాకు ఏడుపు ముంచుకొచ్చింది. అంతమంది ముందు ఏడవడం ఇష్టం లేక గట్టిగానే అడిగాను. "బీకాం మూడేళ్ళు నాయనా. ఎన్నేళ్ళు తీస్తారు?"

"ఎన్నేళ్ళని నోటితో అనగూడదు," అన్నాడు నాయన.

"అటు తిరుగు మే, చూడకుండా చెప్పాల," అని కసిరాడు తాత. "ఇదెవురిది?"

సముద్రం వైపు తిరిగాను. కళ్ళ నిండా నీళ్ళు, అలలు కూడా కంటికి ఆనలేదు. నాకున్న గొంతంతా పెట్టి, నాది అన్నాను.