ఆవిడ పేరున్న పాట

మా ఆవిడ పేరు ఇక్కడ రాయను. రాస్తే మీరు చదవడం ఆపి పాడటం మొదలుపెడతారు. ముప్ఫై ఏళ్ళకు పైగా అందరూ చేసింది అదే. రేషను కార్డు చూసినవాడు, ఆసుపత్రిలో చీటీ రాసినవాడు, చివరికి మరణ ధ్రువపత్రం ఇచ్చిన గుమాస్తా కూడా పేరు చూడగానే ఆ పల్లవి అందుకోబోయాడు. నా ముఖం చూసి దాన్ని దగ్గులోకి మార్చుకున్నాడు. మర్యాదస్థుడు.

ఆడవాళ్ళ పేర్లతో వచ్చే సినిమా పాటల గురించి నాకొక అభిప్రాయం ఉంది. ఎవరూ అడగలేదు కాబట్టి ఇన్నాళ్ళూ చెప్పలేదు. ఆ పాటల్లో ఆమె పేరు పల్లవిలో నాలుగుసార్లు, చరణానికి రెండుసార్లు వస్తుంది. అంతసేపూ ఆమె ఏ పనీ చేయదు. నడుస్తుంది. జడ ముందుకు వేసుకుంటుంది. వెనక్కి తిరిగి చూస్తుంది. పిలిచినవాడికి బదులు మాత్రం చెప్పదు. చెబితే పాట అక్కడితో అయిపోతుందని కాబోలు. ఆమె ఏ బడిలో పనిచేస్తుందో, మోకాలు నొప్పి పెడితే ఏం రాసుకుంటుందో కవికి అక్కర్లేదు. పేరు తాళంలో పడితే చాలు. మా వదిన పేరు ఏ తాళానికీ లొంగదు. ఆవిడ జీవితాంతం హాయిగా బతికింది.

పోర్ట్ బ్లెయిర్‌లో ఈ పాటల గొడవ ఇంకో రకం. అప్పట్లో మాకు అన్నీ ఓడ మీదే రావాలి. ఉల్లిపాయలు, ఉత్తరాలు, గ్రామఫోను రికార్డులు ఒకే ఓడలో దిగేవి. అక్కడ మద్రాసులో, విశాఖపట్నంలో జనం పాడిపాడి విసుగెత్తి వదిలేసిన పాట మాకు సరికొత్తది. ఉల్లిపాయలు వారంలో కుళ్ళిపోయేవి. పాటలకు ఆ మంచి గుణం లేదు. ఒక్కో ఓడ ఒక్కో పేరు మోసుకొచ్చేది. ఆ పేరున్న అమ్మాయిలు తర్వాతి ఓడ వచ్చేదాకా తలవంచుకుని తిరిగేవాళ్ళు. మా ఆవిడ వంతు మా పెళ్ళయిన ఏడాదికి వచ్చింది.

అప్పుడు మేము బతు బస్తీలో రెండు గదుల ఇంట్లో ఉండేవాళ్ళం. నేను ఒక ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాను. ఆవిడ హోప్ టౌన్ బడిలో టీచరు. పొద్దున్నే ఫీనిక్స్ బే జెట్టీకి వెళ్ళి, లాంచీ ఎక్కి, హార్బరు దాటి బడికి వెళ్ళేది. సాయంత్రం అదే లాంచీలో తిరిగొచ్చేది. నేను పెద్దగా మాట్లాడని మనిషిని, పుస్తకాలు చదివే మనిషిని. ఈ రెండూ ఒకచోట కనిపిస్తే జనం జ్ఞానం అనుకుంటారు. నేను ఖండించలేదు. తెలుగు రాయడం రానివాళ్ళు సొంత ఊళ్ళకు ఉత్తరాలు నా చేతే రాయించుకునేవాళ్ళు.

భార్యను పేరు పెట్టి పిలవడం మా ఇళ్ళలో లేదు. నేను "ఇదిగో" అనేవాణ్ణి, ఆవిడ "ఏమండీ" అనేది. ఒక ఏడాది కాపురం ఆ రెండు మాటల మీద నడిచింది. అన్ని పుస్తకాలు చదివినవాణ్ణి, ఆవిడంటే నాకు ఇష్టమని చెప్పడానికి ఒక్క సొంత వాక్యం తయారు చేసుకోలేకపోయాను. అందుకని మా దీవుల రేడియోకి కార్డు రాశాను.

ఆదివారం మధ్యాహ్నం అరగంట తెలుగు పాటలు వేసేవాళ్ళు. కార్డు రాసినవాళ్ళ పేర్లు చదివి పాట వినిపించేవాళ్ళు. నేను నా పేరు రాయలేదు. గుమాస్తా పెళ్ళాం కోసం రేడియోలో పాట అడిగాడంటే ఆఫీసులో తలెత్తుకోలేను. "హోప్ టౌన్ బడి టీచరమ్మ గారి కోసం, బతు బస్తీ నుంచి ఒక శ్రోత" అని రాసి, ఆవిడ పేరున్న పాట అడిగాను. ఆవిడ ముఖం వెలగడం చూసి, అప్పుడు నేనేనని చెబుదామని పథకం.

ఆదివారం వచ్చింది. ఆవిడ కత్తిపీట ముందు కూర్చుని చేపలు బాగుచేస్తోంది. నేను పదిహేను రోజుల నాటి పేపరు చదువుతున్నట్టు పట్టుకున్నాను. రేడియోలో కార్డు చదివారు. పాట మొదలైంది. ఆవిడ చేతిలో చేప అలాగే ఆగిపోయింది.

"ఎవడీ వెధవ?" అంది.

నేను పేపరు పేజీ తిప్పాను.

"మిమ్మల్నే అడుగుతున్నాను. బడి పేరు చెప్పి, ఊరి పేరు చెప్పి, రేడియోలో నన్ను పిలుస్తాడా? రేపు పిల్లల ముందు ఎలా నిలబడాలి నేను?"

"ఎవడో పనిలేనివాడు," అన్నాను. ఆ పూట నేను చెప్పిన నిజం అదొక్కటే.

ఒక్క ఆదివారంతో పోయేది కూడా. కానీ సముద్రం బాగోలేక ఓడ ఆగిపోయింది. పోస్టాఫీసులో కార్డులు కూడా అయిపోయాయి, కొత్త రికార్డులు లేవు. ఉన్న నాలుగు తెలుగు రికార్డులే తిప్పితిప్పి వేశారు, పాత కార్డులే మళ్ళీ మళ్ళీ చదివారు. మా దీవుల్లో ఇది తప్పు కాదు, అలవాటు. ఆరు ఆదివారాలు నేను మా ఆవిడను హార్బరు మొత్తానికీ వినబడేలా పిలిచాను. ఆరో వారానికి కూలీలు, టిక్కెట్ల వరసలో నిలబడ్డవాళ్ళు, తెలుగు ముక్క రాని బెంగాలీ పిల్లలు కూడా ఆవిడ జెట్టీలో అడుగుపెట్టగానే పాడేవాళ్ళు.

లాంచీ నడిపే సరంగు మా చర్చి సంఘంవాడే. శ్రీకాకుళం వైపు మనిషి, మా వీధికి రెండు వీధుల అవతల ఇల్లు. ఆయనకొక ట్రాన్సిస్టర్ ఉండేది, చుక్కాని పక్కన పెట్టుకుని ఏ పాట వస్తే ఆ పాట కూనిరాగం తీసేవాడు. అల పైకి లేచినప్పుడు చెయ్యి చాచి మా ఆవిడను లాంచీలోకి ఎక్కించేవాడూ ఆయనే. బతు బస్తీ మనిషి, ట్రాన్సిస్టర్ ఉన్నవాడు, పాట పాడుతున్నవాడు. ఆవిడకు ఇంకే సాక్ష్యం కావాలి? ఒక పొద్దున లాంచీ నిండా జనం ఉండగా నిలదీసింది. వచ్చి నాకు అంతా చెప్పింది.

"కార్డు నువ్వే కదా రాశావు అన్నాను. 'నానా? నాకు రాతే రాదు టీచరమ్మా, నా బిడ్డ మీద ఒట్టు' అన్నాడు. రాత రాకపోతే రాయించుకోవూ అన్నాను. ఇంట్లో అక్కచెల్లెళ్ళు లేరా అన్నాను. నోరెత్తలేదు." ఆగి నా వైపు చూసింది. "మీ దగ్గరికొచ్చి రాయించుకోలేదు కదా?"

"లేదు," అన్నాను.

అది అబద్ధం కాదు. ఆయన నా దగ్గరికి రాలేదు. ఆ జవాబు ఎంత శుభ్రంగా ఉందో చూసుకుని అప్పుడు కొంచెం ముచ్చట కూడా పడ్డాను.

ఆ రోజు నుంచి ఆవిడ సరంగుతో మాట్లాడలేదు. ఆయన చెయ్యి పట్టుకోవడం కూడా మానేసింది. ఆ వానాకాలంలోనే ఒకసారి, ఆయన చెయ్యి చాచి నిలబడి ఉండగా, పట్టుకోకుండా ఎక్కబోయి జారి పడింది. మోకాలు చిప్ప దగ్గర కమిలి వాచిపోయింది. సాయంత్రం ఆ మోకాలికి కాపడం పెట్టింది నేను. పెడుతూ చెప్పేసి ఉండవచ్చు. "నొప్పిగా ఉందా?" అని మాత్రం అడిగాను. మర్నాడు చెబుదామనుకున్నాను. ఆ మర్నాడు ముప్ఫై ఏళ్ళు సాగింది. ఆ పాట పాతబడింది, మళ్ళీ కొత్తబడింది, క్యాసెట్టులోకి వచ్చింది, ఫోనులోకి వచ్చింది. సరంగు పనినుంచి దిగిపోయాడు. ప్రతి ఆదివారం గుళ్ళో వాళ్ళిద్దరూ చెరో వైపు బెంచీల్లో కూర్చునేవాళ్ళు. నేను ఇద్దరితోనూ బాగానే ఉండేవాణ్ణి.

ఆవిడ పోయిన నలభయ్యో రోజుకు ఆదరణ కూడిక పెట్టారు. మా సంఘంలో ఒక ఆచారం ఉంది. ఆ కూడికలో పోయినవాళ్ళకు ఇష్టమైన పాటను అందరూ లేచి నిలబడి పాడతారు. కూడిక శనివారమైతే బుధవారం నాడు సంఘపెద్ద, గాయక బృందం నడిపే అమ్మాయి మా ఇంటికి వచ్చారు.

"ఆంటీ సాంగే పాడేస్తాం అంకుల్," అంది ఆ అమ్మాయి.

"ఏ పాటమ్మా?"

"అరే, ఆంటీ సాంగ్! సబ్ కో మాలూమ్ హై. రేడియోలో వచ్చేది కదా, మమ్మీ చెప్పింది."

"అది సినిమా పాట."

"ట్యూన్ అదే ఉంచి మాటలు మార్చేశాం అంకుల్. టెన్షన్ మత్ లో."

కాగితం చూపించింది. ఆ పిల్లకు తెలుగు చదవడం రాదు, హిందీ అక్షరాల్లో రాసుకుంది. సంఘపెద్ద ఆనందంగా ముందుకు వంగాడు. "ఆవిడ పేరు వచ్చే చోటల్లా 'ఓ రక్షకా' అని పడింది బ్రదర్. కొలిచి కుట్టినట్టు కుదిరింది!"

ముప్ఫై ఏళ్ళు ఆవిడను వెంటాడిన పాటతోనే ఆవిడను సాగనంపబోతున్నారు, అదీ దేవుడి పేరు పెట్టి. భక్తికి హద్దేముంది.

"ఆవిడకు ఆ పాట గిట్టదు," అన్నాను.

"ఎందుకు అంకుల్?"

ఆ పిల్ల నిజంగానే అడిగింది. జవాబు నా దగ్గర ఉంది. కాగితం ఆ పిల్ల చేతికి తిరిగిచ్చాను.

"సరే, గిట్టే పాట చెప్పండి బ్రదర్, అదే పెట్టేద్దాం," అన్నాడు పెద్ద.

అది నా దగ్గర లేదు. వంట చేస్తూ ఆవిడ ఏదో ఒకటి అనుకుంటూ ఉండేది. గోడకు ఇవతల నేను చదువుకుంటూ ఉండేవాణ్ణి. చప్పుడు ఎక్కువైతే తలుపు దగ్గరికి వేసేవాణ్ణి.

"శుక్రవారం లోపల చెప్పండి. లేదంటే ఇదే. పిల్లలు కష్టపడి నేర్చుకున్నారు," అని లేచాడాయన.

ఏదో ఒక కీర్తన నంబరు చెబితే సరిపోయేది. పాటల పుస్తకం తీశాను కూడా. వెతుకుతుంటే నాకే తెలిసింది, అందులో నేను ఏరుతున్నవి నాకు నచ్చినవి. ఆవిడకు తెలియకుండా ఆవిడకొక పాట అంటగట్టడం ఇదివరకే ఒకసారి చేశాను. పుస్తకం మూసేశాను. శుక్రవారం వెళ్ళిపోయింది. పాట ఆగాలంటే ఇక ఒక్కటే దారి, ఎందుకు గిట్టదో చెప్పడం.

శనివారం గుడి నిండింది. ప్రార్థన అయ్యింది. ఆ అమ్మాయి కీబోర్డు మీద చేతులు పెట్టింది. నేను లేచాను. పెద్ద నా వైపు జాలిగా చూశాడు, రెండు కన్నీటి మాటలు చెబుతాననుకున్నాడు.

"ఈ పాట వద్దు. ఈ పాట వల్ల ఆవిడ చాలా అవమానపడింది. రేడియోకి ఆ కార్డు రాసింది సరంగు కాదు. నేను. ఆవిడకు ఏ పాట ఇష్టమో నాకు తెలియదు," అన్నాను.

ముప్ఫై ఏళ్ళు మోసిన మాట చెప్పడానికి అర నిమిషం కూడా పట్టలేదు.

మూడో వరసలోంచి సరంగు లేచాడు. ముసలివాడైపోయాడు, ముందు బెంచీ పట్టుకుని నిలబడ్డాడు.

"మల్లీ సెప్పండి బాబూ."

"కార్డు రాసింది నేను."

"మీరా?" అందరి వైపూ చూశాడు, వాళ్ళకు కూడా వినబడిందో లేదోనని. "ఆయమ్మ నన్ను నిండు లాంచీలో నిలబెట్టి అడిగింది. మా ఆడది నాలుగు దినాలు నాకు కూడెట్టలేదు. మీరప్పుడు ఏడున్నారు?"

"ఇంట్లోనే."

ఎవరో ఫక్కుమని నవ్వి ఆపుకున్నారు. సరంగు నవ్వలేదు.

"పోయే ముందు ఆయమ్మకి సెప్పేరా, నాను కాదని?"

"లేదు."

"మరి నాకు సెప్పి ఏటి లాభం? నాకు తెల్దేటి, నాను రాయలేదని?"

ఆ అమ్మాయి సంఘపెద్ద వైపు వంగి, "సాంగ్ క్యాన్సిల్ క్యా?" అంది గుసగుసగా. మైకు తీయలేదు కాబట్టి అందరికీ వినబడింది. ఆయన తల ఊపాడు. ఆశీర్వాదం చెప్పేసి భోజనాలకు లేవమన్నాడు. మా సంఘంలో పాట లేకుండా జరిగిన ఆదరణ కూడిక అదొక్కటే. ఏం బాగోలేదని చాలామంది అన్నారు, నాకు వినబడేలాగే.

సరంగు వెళ్ళిపోతాడనుకున్నాను. వెళ్ళలేదు. వరసలో కూర్చున్నాడు. నేనే విస్తరి వేసి అన్నం వడ్డించబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"టీచరమ్మ పేరన తింటన్నాను. మీ సేతి కూడు కాదు. ఆ పిల్లని ఎయ్యమనండి."

గరిటె ఆ అమ్మాయికి ఇచ్చి పక్కకు తప్పుకున్నాను. ఆయన నెమ్మదిగా, మెతుకు వదలకుండా తిన్నాడు. చెయ్యి కడుక్కుని, నా ముందునుంచే గేటు దాటి వెళ్ళాడు.

ఇప్పుడు పొద్దున పాలకు వెళ్ళేటప్పుడు ఆయన ఇంటి ముందునుంచే వెళతాను. దగ్గర దారి ఇంకొకటి ఉంది. ఆయన అరుగు మీద కూర్చుని ఉంటాడు. నమస్కారం పెడతాను. ఆయన ముఖం తిప్పుకుంటాడు. ఆయనకు పలికే ఉద్దేశం లేదు. ఉండనక్కర్లేదు కూడా. నేను కాసేపు నిలబడి, పాలకు వెళతాను.