ఇరుసులా, ఇరువాలా?

విమానాశ్రయం తెరిచి రెండేళ్లయ్యుంటుంది. అప్పట్లో నేను శంషాబాద్‌లో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో తెలుగు చెప్పేవాణ్ణి. పరిశోధన పత్రికలో ఒక్క వ్యాసమైనా అచ్చయితే తప్ప ఉద్యోగం పర్మనెంటు కాదని ప్రిన్సిపాలుగారు తేల్చేశారు.

మాది గుంటూరు వైపు. కాలేజీకి దగ్గర్లోని తొండుపల్లిలో ఒక రైతు ఇంట్లో కిరాయికి ఉండేవాణ్ణి. ఇంటావిడకి అరవై దాటాయి. సగం చేను ప్లాట్లయిపోయినా మిగతా సగంలో జొన్న వేస్తూనే ఉండేది. ఆవిడ మాట్లాడుతుంటే నేనెన్నడూ వినని సేద్యం మాటలు దొర్లేవి. అవన్నీ రాసుకుని వ్యాసం తయారుచేశాను. ‘ఇది పూర్తిగా నా సొంతం’ అని హామీపత్రం మీద సంతకం పెట్టేటప్పుడు మాత్రం కాస్త సిగ్గేసింది. మూడు ప్రతులు, ఒక సీడీ పోస్టులో పంపాను.

మూడు నెలలకు కవరు తిరిగొచ్చింది. లోపల పరిశీలకుడి అభిప్రాయం: ‘ఇరువాలు అన్నది అచ్చుతప్పు. ఇరుసులు అని దిద్దుకోవాలి. తక్కిన మాటలకు ఆధారాల్లేవు. కొన్ని రచయిత కల్పనల్లా ఉన్నాయి.’

“ఏంది సారూ, మొకం గట్ల పెట్టినవ్?” అంది ఇంటావిడ. చదివి వినిపించాను.

“ఇరుసులు బండికుంటయి. చెల్కల ఇరుసులు దున్నుతరా ఎవలన్న? నేను అబద్ధం చెప్పిన్నా? యాడుంటడాయన?”

“ఎవరో తెలియదమ్మా. పరిశీలకుడి పేరు బయటపెట్టరు.”

“పేరు చెప్పనోడు నా మాట తప్పంటడా? పా, పోదాం.”

ఎంత చెప్పినా వినలేదు. మర్నాడు కాలేజీకి సెలవు పెట్టి, ఆవిడ వెనకాల సిటీ బస్సెక్కాను. పత్రిక ఆఫీసులో సంపాదకుడుగారు ఒక్కరే ఉన్నారు. రిటైరైన ప్రొఫెసరు. నేను నమస్కారం చేసి గొంతు సవరించుకునేలోపే ఆవిడ బల్ల మీది వ్యాసాల దొంతర పక్కకు నెట్టేసి, కింద పరిచిన పచ్చగుడ్డ మీద నాలుగు వేళ్లతో నిలువునా గీసింది.

“ఇది మొదటి దున్నుడు. జర చూడు. ఇగ గిట్ల అడ్డం దున్నితె ఇరువాలు. ఏమన్న సమజైందా సారూ?”

“నేను ఇరుసులు అనుకున్నానమ్మా,” అన్నారాయన, నాలుక కరుచుకుంటూ.

నేను కిటికీ వైపు తిరిగాను. పరిశీలకుడు దొరికిపోయాడు.

ఆయన మంచివారు. కోపగించుకోకుండా టీ తెప్పించి, కాగితం తీసుకుని, ఆవిణ్ణి మరో గంట కూర్చోబెట్టి ఒక్కో మాటా అడిగారు. చివరికి నాతో, “అచ్చు వేస్తాం. కానీ ఈవిడ పేరు కూడా ఉండాలి కదండీ?” అన్నారు.

నేను సరేననేలోపే ఆవిడ అందుకుంది. “చెప్పింది నేను, రాసింది సారు. ముందుగాల చెప్పినోళ్ల పేరు ఎయ్యి.”

అలాగే వేశారు. పత్రిక రాగానే పరుగున తీసుకెళ్లి ప్రిన్సిపాలుగారికి చూపించాను. ఆయన కళ్లజోడు సవరించుకున్నారు.

“మొదటి రచయిత మీరు కాదే! రూలు ప్రకారం ఇది మీకు లెక్కలోకి రాదు. ఇంతకీ ఈవిడ ఏ కాలేజీ?”

ఆ సంగతి ఇంటికొచ్చి చెప్పాను. ఆవిడ కొంచెం కూడా జాలిపడలేదు.

“ఇంకోటి రాయి. పశువుల మాటలు యాభై దాకున్నయి నా దగ్గర. ఈపారి నీ పేరే ముందు పెట్టుకో తియ్యి,” అంది.