మునివేళ్ల నడక

మొన్న మనవరాలి బడిలో చిన్నపిల్లల కోసం కాంటెంపరరీ డాన్సు ఉందంటే వెళ్లాను. కథా లేదు, పాటా లేదు. డాన్సు చేసేవాళ్లు పిల్లల మధ్యకే వచ్చి దొర్లుతుంటే, పిల్లలు వాళ్లకంటే ఎక్కువ గెంతుతున్నారు. అంతలో ఒకామె చప్పుడు కాకుండా మునివేళ్ల మీద మా వరుస ముందు నుంచి నడిచింది. నేను ఇక కూర్చోలేక బయటికి వచ్చేశాను. అలిగి మనవరాలు రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

దాని తప్పేం లేదు. గోదావరిఖనిలో కాపురాలు చేసిన నా ఈడువాళ్లకు చెబితే అర్థమవుతుంది. రాష్ట్రం రావడానికి చాలా ముందు, నేను బొగ్గుగని కార్మికుల కాలనీ బడిలో ఎల్‌కేజీ పంతులమ్మను. నైట్ షిఫ్టు చేసొచ్చిన తండ్రి పగలు పడుకుంటాడు కనుక రెండు గదుల క్వార్టర్లో పిల్లలు నోరెత్తకూడదు. ఆ భయాన్నే నేను బడిలోనూ వాడుకునేదాన్ని. గోల మొదలైతే చాలు, "బాపు పండుకున్నడు, సప్పుడు చెయ్యద్దు" అనేదాన్ని, నోళ్లన్నీ టక్కున మూతపడేవి. నా క్లాసంత బుద్ధిగా ఇంకో క్లాసు లేదని పెద్దసార్ మెచ్చుకుంటే పొంగిపోయేదాన్ని. బుద్ధి లేనిది నాకే.

ఒక ఏడు మా క్లాసులో ఒక పిల్ల తండ్రి బొగ్గుబాయిలో పైకప్పు కూలి చనిపోయాడు. అప్పటినుంచి దానికి మాటా లేదు, ఆటా లేదు. హైదరాబాదు నుంచి డాన్సువాళ్లు వస్తున్నారని విని, దాని తల్లి బడి గేటు దగ్గర నా చేతులు పట్టుకుని, "గా డాన్సుకన్న తీస్కపోండ్రి మేడం, ఒక్కపారి నవ్వితె సాలు" అంది.

కమ్యూనిటీ హాల్లో ముందు కుర్చీల్లో అధికారుల భార్యలు కూర్చున్నారు. డాన్సు చేసే అమ్మాయి చేతులు చాపి రమ్మంటే మా పిల్లల్లో ఒక్కరూ కదలలేదు, నా పెంపకం అలాంటిది మరి. లేచింది ఆ పిల్లే. ఎగిరింది, గిరగిరా తిరిగింది, పకపకా నవ్వి కేక పెట్టింది. ముందు కుర్చీలో ఒకావిడ వెనక్కి తిరిగి నా వంక చూసేసరికి నాకు తల కొట్టేసినట్టయి, గబగబా వెళ్లి పిల్ల రెక్క పట్టుకుని కూర్చోబెట్టి, రోజూ అనే మాటే అనేశాను. అన్నాక గానీ ఎవరితో అన్నానో తెలియలేదు. పిల్ల నా ముఖంలోకి చూసి, బుద్ధిగా నోటి మీద వేలు పెట్టుకుంది.

వారం తర్వాత తల్లి వచ్చింది. తిట్టినా బాగుండేది. "ఇంట్ల కాలివేళ్ల మీదనే నడుస్తున్నది మేడం, నన్ను గిన్నెలు గూడ తోమనిస్తలేదు, బాపు లేస్తడట" అని మాత్రం అంది. నెల తిరక్కుండానే పిల్లను తీసుకుని కాసిపేటలో పుట్టింటికి వెళ్లిపోయింది.

ఇప్పుడు ఓపెన్‌కాస్టు గనుల పేలుళ్లకు ఇళ్లే అదురుతున్నాయి, పిల్లల్ని ఊరుకోమనే వాళ్లూ తగ్గారు. మనవరాలి బడిలో ఆ గోల వింటే కడుపు నిండింది, కడుపు మండింది కూడా. ఆ పిల్ల ఈపాటికి తల్లయి ఉంటుంది. బాపు ఇక లేవడని దానికి మళ్లీ ఎవరు చెప్పారో, ఎలా చెప్పారో. చెప్పాల్సింది నేను. చెప్పలేదు.